అరిసెల డబ్బా ఎక్కడుందమ్మా?

ఏమ్మా చెల్లెళ్లూ, పండగ పార్సిళ్లు అందాయా? అందినవాళ్లు అరిసె కొరుక్కుంటూ చదువుకోండి. అందనివాళ్లు మాత్రం కాస్త దగ్గరికి జరగండి. ఈసారి ముచ్చటంతా మీతోనే.

పండగ ముందు పార్సిలు ఆలస్యమైతే మన ఇళ్లల్లో నడిచే తంతు మీకు తెలియంది కాదు. అత్తగారు “మీ అమ్మ పంపిందన్నావు, ఏదమ్మా?” అని సూటిగా అడగరు. అడిగితే ఎంతో నయం. “ఈ ఏడు అరిసెలు బజార్లో తెచ్చుకుందాంలే, ఎందుకొచ్చిన శ్రమ” అని గోడకి చెప్పినట్టు చెబుతారు. అక్కడ పుట్టింట్లో అమ్మేమో, “అందాయని ఒక్క ఫోనన్నా చెయ్యలేదు చూశావా, పెళ్లయ్యాక మారిపోయింది” అని పక్కింటి పిన్నిగారి దగ్గర వాపోతుంది. అడగడానికి ఇక్కడ మొహమాటం, అక్కడ అభిమానం. డబ్బా మటుకు ఏ గోడౌన్‌లోనో తలకిందులుగా పడుంటుంది.

మా ఇంట్లోనూ జరిగింది. మా ఆడపడుచుది కరీంనగర్. సంక్రాంతికి ఆవిడ సకినాలు పంపుతుంది, నేను గోదావరి నుంచి తెప్పించిన పూతరేకులు పంపుతాను. ఒక ఏడాది ఆవిడ డబ్బా రాలేదు. నేను అడగలేదు. పెట్టుపోతల్లో అడిగి పుచ్చుకోవడం ఎక్కడైనా ఉంటుందా? ఆవిడా అడగలేదు. మాఘమాసంలో ఓ పెళ్లిలో కలిస్తే “బాగున్నావా వదినా” అన్న పిలుపులో చలి తెలిసింది. మా ఆయన కదిలిస్తే అప్పుడు బయటపడింది అసలు విషయం. రసీదు మీద నా ఫోన్ నంబర్లో ఒకటిని ఏడుగా కొట్టాడట కౌంటర్లో కుర్రాడు. మెసేజీలన్నీ ఊరూ పేరూ తెలియని ఎవరికో వెళ్లాయి. ఆ సంస్థ పేరు ఎందుకులెండి. సకినాల జాడ మాకు మళ్లీ తెలియలేదు.

అప్పట్నుంచీ నాకొక అభిప్రాయం గట్టిపడిపోయింది. పార్సిలు పోవడం రవాణావాళ్ల వ్యవహారం. దాన్ని చుట్టరికం వ్యవహారం చేసేది మనమే. కౌంటర్ దగ్గర నిలదీయాల్సిన చోట “పోన్లే బాబూ” అంటాం, ఒక్క ఫోన్‌తో పోయేదాన్ని వదిన దగ్గర మాఘం దాకా మోస్తాం. ఈ రెండూ తారుమారు చెయ్యాలన్నదే నేను చెప్పొచ్చేది.

ముందు ఆలస్యం ఎందుకవుతుందో చూద్దాం. రాజమండ్రిలో బుక్ చేసిన డబ్బా నేరుగా కూకట్‌పల్లి రాదమ్మా. ముందు అక్కడి హబ్‌కి వెళ్తుంది. ఊళ్లవారీగా విడదీసి పెద్ద బండిలో హైదరాబాద్ హబ్‌కి పంపుతారు. ఇక్కడ పేటలవారీగా మళ్లీ విడదీసి, చిన్న బండిలో మన వీధికి తెస్తారు. ఏ ఒక్కచోట బండి నిండిపోయినా మిగిలిన డబ్బాలు, పెళ్లిలో రెండో బంతికి నిలబడ్డ చుట్టాల్లా, మర్నాటి బండికి కాచుక్కూచోవాల్సిందే. పండగ రోజుల్లో మర్నాడు వచ్చిపడేవి ఇంకా ఎక్కువ. పైగా విజయవాడ దారి సంగతి మీకు తెలుసుగా. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు బారులు తీరిన కార్ల ఫొటో లేకుండా సంక్రాంతి ముందు పేపరు వస్తుందా? ఆ కార్లకి ఎదురుదారిలో మన అరిసెల లారీ కూడా హారన్ కొట్టుకుంటూ ఉంటుంది.

ఆర్టీసీ కార్గోలో వేస్తే త్వరగా వస్తుందనుకుంటాం. మామూలు రోజుల్లో నిజమే. కానీ బస్సు డిక్కీలో సరుక్కి చోటు ఉండాలంటే ప్రయాణికుల సామాను తక్కువుండాలి. భోగి ముందురోజు బస్సులో అది జరిగే పనేనా? అలాగని నేను కార్గోకి వ్యతిరేకం కాదు. తెలంగాణ ఆర్టీసీ వాళ్లు 2020 జూన్‌లో, కరోనా కాలంలో, ఈ కార్గో మొదలుపెట్టారు. భద్రాచలం సీతారాముల కల్యాణ తలంబ్రాలు బుక్ చేసుకున్నవాళ్ల ఇళ్లకి కూడా తెచ్చిచ్చారు. “రాములవారి తలంబ్రాలే చేరుతుంటే నా జంతికలు చేరవా?” అని మా పిన్ని ధైర్యం. చేరతాయి పిన్నీ, కాకపోతే చాలాచోట్ల బస్‌స్టేషన్ దాకానే చేరతాయి. అక్కణ్నుంచి ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకోవాలి. పండగ పూట ఎవరికీ తీరదు, ఆ డబ్బా కౌంటర్ వెనకాల నిలవ రుసుం, అదే డెమరేజీ, పెంచుకుంటూ కూర్చుంటుంది. ఎవరూ రాకపోతే ఏమవుతుందంటారా? 2024 సంక్రాంతి ముందు బస్సులో ఎవరో మర్చిపోయిన పుంజుని కరీంనగర్ డిపోలో కట్టేసి, వేలం వేస్తామని ప్రకటించారు గుర్తుందా? పేపర్లో వచ్చాక గానీ దాని తాలూకు మనిషి బయటికి రాలేదు. పుంజు కాబట్టి పేపర్లో వేశారు. మన జంతికలకి ఆ యోగం లేదు.

అందుకని నా లెక్క ఒకటే. దేశంలో ఎక్కడికైనా సంక్రాంతి డబ్బా జనవరి 5 లోపలే ఇంటి గడప దాటాలి. అరిసెలు నిలవుండేవేగా, నెలపట్టాక నాలుగు రోజులు ముందు వండుకుంటే పోయేదేముంది? అది దాటిపోతే పండగ తరవాతే పంపండి. “పండగయ్యాక వస్తాయి వదినా” అని ముందే చెప్పి పంపిన డబ్బా ఏనాడూ ఆలస్యంగా రాదు.

ఇక కట్టడం. దీని గురించి నేను కాసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. పోయిందనుకున్న పార్సిళ్లలో కొన్ని నిజానికి పోయినవి కావు, కట్టు తప్పి ఓ మూల పెట్టేసినవి.

పచ్చడి తీసుకోండి. ఆవకాయ గాజు సీసాలో వేసి, మూతకి టేపు చుట్టి, “గాజు, జాగ్రత్త” అని రాసి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రాసింది లారీలో చీకట్లో ఎవరు చదువుతారమ్మా? ఊటనూనె ఒక్కసారి కారిందంటే అట్టపెట్టె మెత్తబడుతుంది, పైనున్న చీటీ ఊడిపోతుంది, పక్కనున్న ఎవరిదో పట్టుచీర పార్సిలుకీ అంటుతుంది. అప్పుడు కారుతున్న డబ్బాని పక్కన పడేస్తారు, తప్పుపట్టలేం. పచ్చళ్ల కొట్లో అడిగితే మందపాటి కవర్లో పోసి గాలి తీసి సీలు వేసిస్తారు. ఇంటి పచ్చడైనా కొంచెం పుచ్చుకుని సీలు వేసిపెట్టే కొట్లు ఉన్నాయి. దానిమీద ఇంకో కవరు, ఆపైన పాత తువ్వాలు. ఊట పైకి తేలిన పచ్చడి వద్దు, బాగా కలిపి గట్టిగా ఉన్నదే పొయ్యండి.

అరిసెలు వేడి మీద డబ్బాకెత్తితే చెమటపట్టి బూజొస్తాయి. చెక్కల మధ్య నూనె నొక్కాక, విడివిడిగా పరిచి పూర్తిగా చల్లారనిచ్చి, వరసకీ వరసకీ మధ్య కాగితం వెయ్యండి. సకినాలకి పక్కల నుంచి దెబ్బ తగిలితే తట్టుకోవు. ఒకదానిమీద ఒకటి బిళ్లల్లా పేర్చి, కాగితంలో చుట్టి, డబ్బాలో కదలకుండా మరమరాలు నింపండి. మరమరాలు తినేవే కాబట్టి అవతలివాళ్లు పారెయ్యక్కర్లేదు కూడా. పూతరేకుల దగ్గర మాత్రం నేను చేతులెత్తేస్తాను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చినా వేడి కుండ మీద జావ గుడ్డ లాగి తీసిన రేకు రేకే, వేలు గట్టిగా తగిలితే పొడైపోతుంది. కొట్టువాళ్లు కట్టిచ్చిన గట్టి అట్టపెట్టెని విప్పకుండా ఇంకో పెట్టెలో పెట్టి, ఎవరైనా ఊరెళుతుంటే చేతికిచ్చి పంపడమే నాకు తెలిసిన దారి.

పెట్టె మూసేముందు లోపల ఒక చీటీ వెయ్యండి. పంపేవాళ్ల చిరునామా, అందుకునేవాళ్ల చిరునామా, ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి పైనే పెట్టండి. పై చీటీ ఊడిపోతే ఆ పెట్టెకి మళ్లీ పేరొచ్చేది దీనివల్లే. పోస్టాఫీసులో ఇలాంటి దిక్కులేని పార్సిళ్లకి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీస్ అని విడిగా ఒకటుంది. పూర్వం డెడ్ లెటర్ ఆఫీస్ అనేవారు. చిరునామా తెలియనివాటిని అక్కడ విప్పి చూస్తారు. విప్పితే చీటీ కనబడాలి కదా.

చిరునామాలో మనం రామాలయం ఎదురుగా, వేపచెట్టు పక్కన అని కథ రాస్తాం గానీ పిన్‌కోడ్ దగ్గర నిద్రపోతాం. పార్సిలు సగం దారి ఆ ఆరంకెల మీదే నడుస్తుంది. 1972 ఆగస్టు 15న ఈ పిన్‌కోడ్ వచ్చింది. 50తో మొదలైతే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రా. ఒక్క అంకె మారితే డబ్బా వేరే జిల్లా చూసొస్తుంది. వేపచెట్టు ఆఖరి వంద గజాలకి పనికొస్తుంది, అదీ ఉంచండి. ఈమధ్య 2025 మేలో పోస్టల్ శాఖ డిజిపిన్ అని ఇంకోటి తెచ్చింది. దేశమంతటినీ నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. అది డెలివరీ కుర్రాడి చేతిలోకి వచ్చేదాకా మన వేపచెట్టుకేం ఢోకా లేదు.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. రసీదు.

పార్సిల్ ఇచ్చాక కౌంటర్లో ఒక కాగితం చేతికిస్తారు. మనం దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పడేస్తాం. చెల్లాయ్, అక్కడే నిలబడి చదువు. నీ పేరు, అవతలి పేరు, రెండు ఫోన్ నంబర్లు, పిన్‌కోడ్, బరువు, సరుకు విలువ. నంబర్లు గట్టిగా పైకి చదివి వినిపించు. వెనకాల వరసలో వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ. ఆ కాగితాన్ని ఫొటో తీసి వెంటనే అవతలివాళ్లకి పంపు. ఇది పంపాక ఇక “పంపానని ఊరికే అందేమో” అన్న మాటకి చోటుండదు. డబ్బా ఎక్కడుందో ఇద్దరూ ఒకే నంబరుతో చూసుకుంటారు.

పోస్టులో అయితే ఆ నంబరు పదమూడు అక్షరాలుంటుంది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర మన దేశానికి గుర్తుగా రెండక్షరాలు. తొమ్మిదంకెల్లో ఆఖరిది మిగతా ఎనిమిదింటినీ సరిచూసేందుకు పెట్టింది. అందుకే ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ ఒప్పుకోదు. ఒప్పుకోలేదంటే డబ్బా పోయిందని ఏడవకుండా, రసీదు ఇంకోసారి చూసుకోండి.

విలువ గడి దగ్గర మనవాళ్లు చేసే పని నాకు బొత్తిగా నచ్చదు. “ఎంత రాయమంటారమ్మా?” అనగానే “ఏదో వంద రూపాయలు వేసెయ్ బాబూ” అంటారు. లోపల ఆడపిల్ల సీమంతానికి పంపే పట్టుచీర, వెండి కుంకుమభరిణె. పోయాక వంద రూపాయలే విలువ అని రాసిచ్చింది మీరేనంటారు, ఇక మాట్లాడేందుకేముంది? అసలు వెండీ బంగారం, డబ్బూ కొరియర్లో వెయ్యొద్దు. చాలా కొరియర్ల షరతుల్లోనే వాటికి పూచీ లేదని ఉంటుంది. విలువైన చీరైతే బిల్లు జతచేసి, ఉన్న విలువ రాసి, బీమా చెయ్యండి. పోస్టులోనూ బీమా ఉంది. బీమా లేకుండా స్పీడ్‌పోస్ట్‌లో పోతే, కట్టిన ఛార్జీకి రెట్టింపు, లేదా 1000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇవ్వడం ఏళ్లుగా ఉన్న పద్ధతి. పట్టుచీర ఖరీదు దీని పక్కన పెట్టి చూడండి.

ప్రైవేటు రసీదు వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉండేదీ ఇదే సంగతి. ఆ అక్షరాలకి విలువుందని సుప్రీంకోర్టే చెప్పింది. భారతి నిట్టింగ్ కంపెనీ కేసు, 1996. బట్టలు జర్మనీకి ఎగుమతి చేశారు. వాటి కాగితాలు కొరియర్లో చేరాల్సిన టైముకి చేరలేదు. వేసవి సీజన్ దాటిపోయిందని అవతల కొన్నాయన డబ్బు తగ్గించి ఇచ్చాడు. ఆ నష్టం కొరియర్‌వాళ్లు ఇవ్వాలని పోట్లాడితే, మీరు సంతకం పెట్టిన కాగితంలో 100 డాలర్లకి మించి ఇవ్వబోమని ఉంది కదా అని తేలింది. అంత పెద్ద వ్యాపారస్తులకే అలా అయింది. కాబట్టి చదవకుండా సంతకం పెట్టకమ్మా. కళ్లజోడు మర్చిపోతే కౌంటర్లో ఉన్నాయన్నే చదివి వినిపించమను.

సరే, ఇన్ని చేశాం, అయినా డబ్బా రాలేదు. ఏం చెయ్యాలి?

పోయిన డబ్బా గురించి అడగాల్సింది ముందు పంపినవాళ్లు. డబ్బు కట్టింది వాళ్లు, రసీదు వాళ్ల పేరున ఉంది. అందుకోవాల్సినవాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా “పంపినవారితో కంప్లయింట్ పెట్టించండి మేడమ్” అంటారు. అందుకే అత్తగారింట్లో ఉన్న అమ్మాయి నోరు విప్పి “అమ్మా, ఇంకా రాలేదు, కంప్లయింట్ పెట్టు” అనాలి. మొహమాటపడి నెల గడిపితే, అమ్మ చేతిలో రసీదు ఉండీ లాభం లేదు. పోస్టులో అందుకోవాల్సిన మనిషి దొరకని ఉత్తరాన్ని సాధారణంగా ఓ వారం ఉంచి వెనక్కి పంపేస్తారు. కంప్లయింట్లు వినడానికీ గడువులుంటాయి. లారీ రవాణా సంస్థలో వేసిన సరుకైతే 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇస్తేనే కోర్టు గడప ఎక్కనిస్తారు. రాతపూర్వకంగా అన్నాను. ఫోన్లో తిట్టిన తిట్లు నోటీసు కిందికి రావు.

ఆన్‌లైన్లో కొన్నదైతే లెక్క వేరు. అక్కడ కొన్నదీ, డబ్బు కట్టిందీ మనమే. డెలివరీ కుర్రాడితో పేచీ పెట్టుకోవద్దు, పండగ ఎండలో వాడికి మనలాంటి గడపలు ఎన్నో. అమ్మిన సంస్థని పట్టుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లకి ఫిర్యాదుల అధికారి ఉండి తీరాలి. మన ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపల తేల్చాలి. ఒక్కోసారి ఫోన్లో “డెలివర్డ్” అని పడుతుంది, గుమ్మంలో ఏమీ ఉండదు. ఇంకోసారి మనం హాల్లోనే కూర్చుని కందిపప్పు ఏరుకుంటూ ఉంటాం, “డోర్ లాక్డ్” అని మెసేజ్ వస్తుంది. అప్పుడు ముందు వాచ్‌మన్‌నీ ఎదురింటివాళ్లనీ అడిగి, ఆ రోజే రాసిపెట్టండి. ఎవరికిచ్చారు, సంతకం ఏది, ఫొటో ఏది, ఓటీపీ ఎవరు చెప్పారు అని వరసగా అడగండి. ఆ రోజే అడిగితే జవాబు దొరుకుతుంది. పండగయ్యాక అడిగితే “చూస్తాం మేడమ్” దొరుకుతుంది.

కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. పోస్టు మీద ఫిర్యాదైతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు, 21 రోజుల్లో తేల్చాలని అక్కడ గడువు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి, మనం ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు. జంతికల కోసం కమిషన్‌కి వెళ్లమని నేననను, నవ్వుతారు. సీమంతం చీర కోసం మాత్రం వెళ్లండి, నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో నాలుగు మాటలు. 2025 దసరా చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడి సుంకాల రూల్స్ మారాయని ఆ ఆగస్టు 25 నుంచి మన పోస్టల్ శాఖ అమెరికా పార్సిళ్లు ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టేసరికి అక్టోబరు 15. మధ్యలో బతుకమ్మా వెళ్లిపోయింది, దసరా వెళ్లిపోయింది. అమ్మలు కట్టిపెట్టుకున్న డబ్బాలు అటకెక్కాయి. మనవల్ల కాని ఆలస్యాలు ఇలాంటివీ ఉంటాయి. రూల్స్ ఇంకా మారుతూనే ఉన్నాయి కాబట్టి, వండటం మొదలుపెట్టకముందే కనుక్కోండి.

మనం సంక్రాంతికని డిసెంబరు మధ్యలో పంపే డబ్బా అక్కడ క్రిస్మస్ రద్దీలో దిగుతుంది. డిసెంబరు మొదటివారంలో పంపితే కొంత నయం. చికెన్ పచ్చడి, గోంగూర మటన్ జోలికి పోవద్దు. మాంసం కనబడితే అక్కడ కస్టమ్స్‌వాళ్లు తీసి పారేస్తారు, ఒక్కోసారి దానితోపాటు మిగతావీ ఆగిపోతాయి. పచ్చి కరివేపాకుకీ ప్రవేశం లేదు. నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే తెగులు దానిమీది పురుగుతో వస్తుందని వాళ్ల భయం. పెట్టెలో ఏముందో కాగితం మీద వివరంగా రాయండి. “ఫుడ్ ఐటమ్స్” అని ఒక్క ముక్క రాస్తే, లోపలేముందో చూడాలని వాళ్లకే ముచ్చట పుడుతుంది.

అమీర్‌పేటలోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ “అమెరికాకి పచ్చళ్లు పంపబడును” అని బోర్డులుంటాయి చూడండి. చాలామంది నమ్మకస్తులే. కానీ వాళ్లు మన డబ్బా తీసుకుని ఏదో పెద్ద కొరియర్లో వేస్తారు. మనకిచ్చే రసీదు మీద వాళ్ల కొట్టు నంబరు ఉంటుంది గానీ, విమానం ఎక్కాక పనికొచ్చే ఎయిర్‌వే బిల్లు నంబరు ఉండదు. డబ్బా ఎక్కడో ఆగితే కొట్టాయన “అక్కడ అడగండి” అంటాడు, అక్కడివాళ్లు “మీ పేరు మా దగ్గర లేదు” అంటారు. అందుకని డబ్బు కట్టేముందే “అసలు బిల్లు నంబరు ఎప్పుడిస్తారు, పంపినవారి పేరు ఎవరిది వేస్తారు?” అని అడగండి. నంబరు వాట్సాప్‌లో వచ్చేదాకా ఆ కొట్టుని మర్చిపోవద్దు.

ఇక దొంగల సంగతి. మనం డబ్బా కోసం ఎదురుచూస్తున్నప్పుడే వాళ్లకి పండగ. “మీ పార్సిల్ గోడౌన్‌కి వచ్చింది, చిరునామా సరిగా లేదు, 12 గంటల్లో ఈ లింకులో సరిచెయ్యండి” అని పోస్టల్ శాఖ పేరుతో మెసేజ్ వస్తుంది. నొక్కితే చిల్లర డబ్బులు కట్టమంటుంది, కార్డు వివరాలు వాళ్ల చేతికెళ్తాయి. ఇంకోడు ఫోన్ చేసి “డెలివరీకి ఈ నంబరు నొక్కండి” అని నక్షత్రం గుర్తుతో మొదలయ్యేదేదో చెబుతాడు. అది నొక్కితే మనకొచ్చే ఫోన్లన్నీ వాడికి మళ్లుతాయి, బ్యాంకు ఓటీపీలు చెప్పే ఫోన్లతో సహా. ఒకవేళ నొక్కేసి ఉంటే ##002# కొట్టండి, మళ్లింపు రద్దవుతుంది. మూడో రకం వాడు పోలీసు గొంతు పెడతాడు, మీ పార్సిల్లో మత్తుమందులు దొరికాయి, కెమెరా ముందు నుంచి కదలొద్దు అంటాడు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేనేలేదు. ఫోన్ పెట్టేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. రిటైరైన నాన్నగారికీ, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దమ్మకీ ఈ పేరా చదివి వినిపించండి, వాళ్లనే ఎక్కువగా పట్టుకుంటున్నారు.

ఇంత హడావుడీ అయ్యాక, ముక్కనుమ కూడా వెళ్లిపోయాక, ఓ మధ్యాహ్నం గేటు దగ్గర “పార్సిల్!” అని వినబడుతుంది. ఒకమూల నలిగి, మీద ఎవరిదో బూటు ముద్రతో వచ్చేస్తుంది డబ్బా. ఆత్రంగా చించెయ్యకండి. ఫోన్ ఆన్ చేసి, పై చీటీ కనబడేలా వీడియో తీస్తూ విప్పండి. ఏది విరిగినా, కారినా అదే సాక్ష్యం. సంతకం పెట్టేముందే పెట్టె చిరిగి కనిపిస్తే, “చిరిగి ఉంది” అని రాసి సంతకం పెట్టండి.

తరవాత వాసన చూడండి. అరిసెలు బూజు లేకపోతే బాగానే ఉంటాయి, పెనం మీద కాస్త వెచ్చచేస్తే మళ్లీ మెత్తబడతాయి. జంతికలు మెత్తబడితే ఓ మధ్యాహ్నం ఎండలో పెడితే కరకరలాడతాయి. సకినాల ముక్కలు టీలోకి బాగుంటాయి, మా ఇంట్లో పిల్లలు ముక్కలే కావాలంటారు. సున్నుండల్లో నెయ్యి పాడైందనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా పారెయ్యండి.

ఆ వెంటనే పంపినావిడకి ఫోన్ చెయ్యండి. తిన్నాక కాదు, విప్పగానే. డబ్బా అందింది, అరిసెలు బాగున్నాయి, దారిలో ఇన్నాళ్లు ఆగింది, నీ దగ్గర రసీదు ఉందిగా ఓ ఫిర్యాదు పడెయ్ వదినా అని చెప్పండి. సున్నుండల మాట మాత్రం ఎత్తకండి. ఎత్తారంటే ఆవిడ సాయంత్రానికే మినుములు వేయించడం మొదలుపెడుతుంది.